తెలుగు పరిశోధనలో ట్యాబ్లెట్, కంప్యూటర్: లింగాల ప్రాంత క్షేత్రపర్యటన ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ట్యాబ్లెట్ ఒక్కటి చేతిలో ఉంటే కంప్యూటర్ అవసరం లేకుండా పరిశోధన పూర్తిచేయవచ్చా అన్న ప్రశ్న తెలుగు శాఖల్లో తరచు వినిపిస్తోంది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలాన్ని, అక్కడి నల్లమల చెంచుపెంటలను క్షేత్రంగా భావించి ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. పరిశోధన పనిని సేకరణ, పఠనం, కూర్పు, సమర్పణ అనే నాలుగు దశలుగా విభజించి, ఏ దశలో ఏ పరికరం ఎంతవరకు ఉపకరిస్తుందో వివరిస్తుంది. తొలి రెండు దశల్లో ట్యాబ్ కంప్యూటర్ కంటే మేలైనదనీ, చివరి రెండు దశల్లో కంప్యూటర్ స్థానాన్ని అది ఇంకా అందుకోలేదనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ట్యాబ్లెట్, కంప్యూటర్, క్షేత్రపర్యటన, ప్రతిలేఖనం, యూనికోడ్, మాండలికం, లింగాల.

1. ఉపోద్ఘాతం:

పరిశోధనలో చేరిన విద్యార్థులు మొదటి నెలల్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "ట్యాబ్ కొనమంటారా సార్, ల్యాప్‌టాప్ కొనమంటారా?" ఫెలోషిప్ లేని గ్రామీణ విద్యార్థికి ఇది చిన్న ప్రశ్న కాదు. ఇంట్లో అప్పు చేసి తెచ్చిన ఆ డబ్బుతో కొన్న పరికరమే సిద్ధాంతగ్రంథం సమర్పించేదాకా తోడుండాలి. తప్పుగా కొంటే మూడో ఏట, అధ్యాయాలు కూర్చవలసిన సమయంలో, ఆ నష్టం బయటపడుతుంది. కాబట్టి దీనికి అభిరుచిని బట్టి కాక, పని స్వభావాన్ని బట్టి సమాధానం చెప్పాలి.

ఈ వ్యాసంలో ట్యాబ్ అంటే ఆండ్రాయిడ్ లేదా ఐప్యాడ్ వ్యవస్థపై నడిచే, తాకుతెర గల పరికరమని అర్థం. విండోస్ వ్యవస్థపై నడిచే పరికరం చూడటానికి పలకలా ఉన్నా, అందులో నడిచేవి కంప్యూటర్ ప్రోగ్రాములే కనుక దాన్ని కంప్యూటర్‌గానే పరిగణించాలి. రెండింటినీ వేరుచేసేది ఆకారం కాదు, లోపల నడిచే వ్యవస్థ.

2. నేపథ్యం:

పలకలాంటి కంప్యూటర్ ఆలోచన కొత్తది కాదు. 1972లోనే అలన్ కే 'డైనాబుక్' పేరుతో పిల్లలు వెంట తీసుకుపోగల పరికరాన్ని ప్రతిపాదించాడు. పిల్లలు దానితో చదవడమే కాక సొంతంగా ప్రోగ్రాములు రాయాలన్నది అతని ఆశయం. 2010లో ఐప్యాడ్ రాకతో ట్యాబ్ సామాన్య వినియోగంలోకి వచ్చింది. అయితే అది ప్రధానంగా చూడటానికి, చదవటానికి పనికివచ్చే వస్తువుగానే ప్రచారం పొందింది.

తెలుగునేలకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది. 2011 అక్టోబర్ 5న కేంద్రప్రభుత్వం విద్యార్థుల కోసం ఆవిష్కరించిన చౌక ట్యాబ్ 'ఆకాశ్' తొలివిడత పరికరాలను హైదరాబాద్‌లోనే అమర్చారు. ఏడు అంగుళాల తెర, 256 ఎం.బి. జ్ఞాపకశక్తి గల ఆ పరికరం ఆశించిన ఫలితాన్ని ఇవ్వలేదు. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబ్‌లను పంపిణీ చేసింది. ఈ రెండు పథకాల మధ్య పరికరం ఎంతో మెరుగుపడింది. కాని రెండింటిలోనూ విద్యార్థి ప్రధానంగా పాఠాన్ని అందుకునేవాడే.

గణన రంగం మరో కోణాన్ని చూపుతుంది. 2011లో మొదలైన సామాజిక ఆర్థిక కులగణనలో వివరాలను చిన్న ట్యాబ్‌లలో నేరుగా నమోదు చేశారు. 2024 నవంబర్‌లో తెలంగాణలో జరిగిన ఇంటింటి కుటుంబ సర్వేలో గణకులు కాగితపు నమూనాలను నింపగా, ఆపరేటర్లు వాటిని కంప్యూటర్లలోకి ఎక్కించారు. 2025 ఫిబ్రవరిలో ఫలితాలు వెలువడ్డాయి. ఇంటి గుమ్మం దగ్గర ఒకచోట ట్యాబ్, మరొకచోట కాగితం పనిచేశాయి. సేకరణకు సాధనం మారవచ్చు. సేకరించిన దాన్ని సరిచూసి పట్టికలుగా మార్చే పని మాత్రం వేరే తరహాది. పరిశోధనకూ ఈ భేదమే వర్తిస్తుంది.

3. సేకరణ దశ:

లింగాల మండలంలో మైదానగ్రామాలూ ఉన్నాయి, అప్పాపూర్ వంటి అడవి లోపలి చెంచుపెంటలూ ఉన్నాయి. ఈ అటవీప్రాంతం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. 1940లో హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచుల మధ్య ఉండి పరిశీలించి, 1943లో వారిపై గ్రంథం ప్రకటించాడు. నాటి పరిశోధకుడికి నోటుపుస్తకం, కెమెరా, మోతబరువు సామాను వేర్వేరుగా అవసరమయ్యాయి. నేడు శబ్దగ్రహణం, ఛాయాచిత్రం, ప్రశ్నావళి, పటం, నోటుపుస్తకం అన్నీ ఒక పలకలో ఇముడుతున్నాయి.

పెంటలో చెట్టుకింద కూర్చున్న వృద్ధురాలి ముందు ల్యాప్‌టాప్ తెరిచి పెడితే, నిలబడిన తెర ఇద్దరి మధ్య అడ్డుగోడ అవుతుంది. ట్యాబ్ ఒడిలో పడుకుని ఉంటుంది. తీసిన బొమ్మను వెంటనే ఆమెకు చూపి, "ఈ గడ్డను మీరేమంటారు?" అని అడగవచ్చు. విద్యుత్తు నికరంగా లేనిచోట చిన్న పవర్‌బ్యాంకుతోనే ట్యాబ్‌ను మళ్ళీ నింపుకోవచ్చు. సెల్ సంకేతం అందనిచోట కూడా నమోదు ఆగదు.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కుదింపు లేని నాణ్యమైన ధ్వని, అంటే సెకనుకు 44,100 నమూనాలతో, 16 బిట్లలో, రెండు వాహినులుగా నమోదు చేస్తే గంటకు సుమారు 635 ఎం.బి. అవుతుంది. ఇరవై గంటల కథనాలకు దాదాపు 13 జి.బి. కావాలి. వీటిని ఆ సాయంత్రమే మరో నిల్వసాధనంలోకి ప్రతిచేయకపోతే, పరికరం పాడైన రోజున మళ్ళీ దొరకని గొంతులు పోతాయి.

4. పఠన దశ:

పాత తెలుగు గ్రంథాలు అధికభాగం పుటల ఛాయాచిత్రాలుగానే అంతర్జాలంలో లభిస్తున్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వచ్చిన ప్రతులు ఇందుకు ఉదాహరణ. నిలువుపుటను నిలువుతెరపై చదవడం, చెరిగిన అక్షరాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూడటం, అంచులో కలంతో గుర్తులు పెట్టుకోవడం ట్యాబ్‌లో సహజంగా సాగుతాయి. యు.జి.సి. 2009 నిబంధనల తరువాత శోధ్‌గంగలో పెరిగిన సిద్ధాంతగ్రంథాలను బస్సు ప్రయాణంలోనూ చదువుకోవచ్చు. పఠనంలో ట్యాబ్ కంప్యూటర్‌కు ప్రత్యామ్నాయం మాత్రమే కాదు, దానికంటే మెరుగైన సాధనం.

5. ప్రతిలేఖనం - కీబోర్డు సమస్య:

విన్న కథనాన్ని రాతలో పెట్టడం సేకరణకూ కూర్పుకూ మధ్యనున్న పని. తెలుగు పరిశోధకుడికి ట్యాబ్‌లో అసలైన చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

తాకుతెర కీబోర్డు పదాలను సూచిస్తుంది, కొన్నిసార్లు తానే దిద్దుతుంది. ఉత్తరం రాసేవారికి అది సౌకర్యం; మాండలిక పరిశోధకుడికి ప్రమాదం. వక్త "వోయిండు" అంటే కీబోర్డు "పోయాడు" వైపు లాగవచ్చు. "జెప్పిన" అన్నది "చెప్పిన"గా మారిపోవచ్చు. నోటితో చెప్పి రాయించే పద్ధతిలో ఈ ప్రమాణీకరణ ఇంకా ఎక్కువ. వంద పుటల ప్రతిలేఖనంలో ఇలాంటి దిద్దుబాట్లు కొన్ని డజన్లు చేరినా, పాలమూరు మాండలికంపై చేసిన నిర్ధారణ కీబోర్డు భాషపై చేసిన నిర్ధారణగా మిగులుతుంది. కాబట్టి ట్యాబ్‌లో రాసేవారు పదసూచనను, స్వయం దిద్దుబాటును ముందే ఆపివేయాలి.

రెండో చిక్కు అక్షరాలది. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు గల విభాగం ఉంది. దంత్య ధ్వనులను చూపే ౘ, ౙ 2008లో, శాసనాల్లో కనిపించే ఴ 2014లో, ౚ 2015లో ఈ విభాగంలో చేరాయి. మాండలికంలో దంత్య తాలవ్య భేదాన్ని గుర్తించేవారికి, శాసనపాఠం ఇచ్చేవారికి ఇవి తప్పనిసరి. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ వంటి కీబోర్డులో లోపించిన అక్షరాన్ని మనకు కావలసిన మీటకు అమర్చుకోవచ్చు, లేదా సంకేతసంఖ్యతో చొప్పించవచ్చు. ట్యాబ్‌తో వచ్చే కీబోర్డులో ఇలా మీటలను మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు.

6. కూర్పు దశ:

సేకరణ ఎంత గొప్పదైనా కూర్పు లేకుండా పరిశోధన కాదు. గద్వాల ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన 'గోలకొండ కవుల సంచిక' దీనికి మన ముందున్న నిదర్శనం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు అది 354 మంది కవులతో సమాధానం చెప్పింది. విడివిడిగా ఉన్నప్పుడు ఆ పద్యాలు ఆయా ఊళ్ళ సంపద. ఒకచోట చేర్చి క్రమంలో పెట్టినప్పుడే అవి వాదనగా మారాయి.

నేటి పరిశోధకుడు ఇదే పనిని తెరమీద చేస్తాడు. ఒకవైపు ధ్వని, మరొకవైపు ప్రతిలేఖనం, పక్కన పాత గ్రంథం, కింద తన అధ్యాయం: నాలుగూ ఒకేసారి కనబడాలి. ధ్వనినీ పాఠాన్నీ క్షణక్షణానికి జతచేసే ఇలాన్, ధ్వనిని విశ్లేషించే ప్రాట్, నిఘంటు నిర్మాణానికి పనికివచ్చే ఫీల్డ్‌వర్క్స్ వంటి ప్రోగ్రాములు కంప్యూటర్ల కోసం తయారైనవి. ఉపయుక్త గ్రంథాలను క్రమపరిచే జొటెరోకు ట్యాబ్ రూపం ఉంది. కాని వర్డ్‌లోని అధ్యాయంలో ఆధారాలను తానుగా చొప్పించే భాగం మాత్రం కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. వర్డ్‌కూ ట్యాబ్ రూపం ఉన్నా, అందులో మాక్రోలు నడవవు. పదసూచిక నిర్మాణం వంటి సౌకర్యాలు పూర్తిగా లేవు. పైగా 10.1 అంగుళాలకు మించిన తెర గల ట్యాబ్‌లో వర్డ్‌తో రాయాలంటే చందా కట్టాలన్నది ఆ సంస్థ నియమం. కొనేముందు తెలియని ఈ నియమం కొన్నాక భారమవుతుంది.

7. సమర్పణ దశ:

తెలుగు ముద్రణ ఇప్పటికీ రెండు లిపివ్యవస్థల మధ్య నడుస్తోంది. అను వంటి పాత ఖతులు రోమన్ అక్షరాల సంకేతస్థానాల్లో తెలుగు ఆకారాలను అమర్చాయి. ఖతి లేని పరికరంలో ఆ పాఠం అర్థంలేని రోమన్ గుర్తులుగా కనిపిస్తుంది. స్థానిక పత్రికల, సంచికల పాత ప్రతులు ఎన్నో పేజ్‌మేకర్ రూపంలోనే ఉన్నాయి. వాటిని తెరవడానికి, యూనికోడ్‌లోకి మార్చి సరిచూడడానికి కంప్యూటర్ కావాలి.

నా అనుభవం ఒకటి ఇక్కడ అప్రస్తుతం కాదు. ఒక సదస్సుకు పంపవలసిన పత్రాన్ని ఆద్యంతం ట్యాబ్‌లోనే రాశాను. రాయడంలో ఇబ్బంది కలగలేదు. పంపాక చూస్తే అధస్సూచికల వరుస మారింది, పట్టిక పుట దాటింది, ఒత్తులు కొన్నిచోట్ల విడిపోయాయి. తప్పు పరికరానిది మాత్రమే అనలేను. చివరి రూపాన్ని పెద్దతెరపై సరిచూడకుండా పంపడం నా పొరపాటు. కాని సిద్ధాంతగ్రంథంలో అలాంటి పొరపాటు మూడువందల పుటల మీద పడుతుంది.

8. ఒక అభ్యంతరం:

నేటి ట్యాబ్‌ను తక్కువగా చూడటం న్యాయమా అని ప్రశ్నించవచ్చు. 2021లో వచ్చిన ఐప్యాడ్ ప్రోలో ఆ సంస్థ కంప్యూటర్లలోని ఎం1 చిప్పే ఉంది. శామ్‌సంగ్ డెక్స్ వంటి ఏర్పాటుతో కిటికీలు పక్కపక్కన తెరుచుకుంటున్నాయి. కీబోర్డు, మౌస్ కూడా జతచేయవచ్చు. ఇవన్నీ నిజమే, శక్తి విషయంలో ట్యాబ్ వెనుకబడి లేదు. లోటు శక్తిలో కాదు, స్వేచ్ఛలో ఉంది. కావలసిన ఖతిని, కీబోర్డును, ప్రోగ్రామును తన అవసరానికి తగినట్టు అమర్చుకునే స్వేచ్ఛ ఆంగ్లంలో రాసేవారికంటే తెలుగులో రాసేవారికి ఎక్కువ అవసరం. మన లిపి అవసరాలన్నిటినీ ఏ తయారీదారూ ముందుగా ఊహించి ఇవ్వలేదు కనుక. పైగా మంచి ట్యాబ్‌కు కలం, కీబోర్డు చేర్చేసరికి దాని ధర సాధారణ ల్యాప్‌టాప్ ధరను చేరుతుంది.

9. ముగింపు:

• సేకరణ, పఠన దశల్లో ట్యాబ్ కంప్యూటర్ కంటే అనువైనది. క్షేత్రపర్యటనలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

• ప్రతిలేఖనంలో ట్యాబ్‌ను వాడవచ్చు. పదసూచన, స్వయం దిద్దుబాటు ఆపివేసి, పాఠాన్ని ధ్వనితో మళ్ళీ సరిచూసుకోవాలి.

• కూర్పు, సమర్పణ దశల్లో కంప్యూటర్‌కు ట్యాబ్ ప్రత్యామ్నాయం కాలేదు.

• ఒకే పరికరం కొనగల విద్యార్థి ల్యాప్‌టాప్ కొనడమే మేలు. సేకరణకు ట్యాబ్ చేసే పనిలో అధికభాగం అతని జేబులోని ఫోన్ ఇప్పటికే చేయగలదు. కూర్పు పనిని ఫోన్ చేయలేదు.

• ఇప్పటికే ట్యాబ్ ఉన్నవారి కోసం తెలుగు శాఖలు యూనికోడ్ ఖతులు, కీబోర్డులు అమర్చిన రెండు మూడు ఉమ్మడి కంప్యూటర్లను సాయంత్రాలు కూడా అందుబాటులో ఉంచాలి.

విద్యార్థికి చదివే పరికరం ఇవ్వడం మంచిదే. అయితే చదివినదాన్నీ విన్నదాన్నీ కూర్చి కొత్త గ్రంథంగా నిలబెట్టే పరికరం కూడా అతనికి అందాలి. అది అందకపోతే లింగాల పెంటల్లోని కథలు లింగాల విద్యార్థి ట్యాబ్‌లో ధ్వనులుగా మిగిలిపోతాయి. వాటిపై గ్రంథం మాత్రం మరెక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్నవారి పేరుతో వస్తుంది.