బిందెలో ముంచే చెయ్యి

టైఫాయిడ్, కలరా, జిగట విరేచనాలు, హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు పైకి వేర్వేరు జబ్బులుగా కనిపించినా, వాటి వ్యాప్తి మార్గం మాత్రం ఒక్కటే: రోగి మలంతో బయటపడిన సూక్ష్మజీవి నీటి ద్వారానో, ఈగల ద్వారానో, ఆహారం ద్వారానో, వేళ్ల ద్వారానో మరొకరి నోటికి చేరుతుంది. 1854లో లండన్‌లో బ్రాడ్ వీధి చేతిపంపు చుట్టుపక్కల సంభవించిన కలరా మరణాలను పరిశీలించిన వైద్యుడు జాన్ స్నో, ఆ జబ్బుకు మూలం కలుషిత జలమేనని వాదించి ఆ పంపు పిడిని తీయించాడు. నీటి వనరును కాపాడుకోవాలన్న పాఠం నాటి నుంచి బలంగా నాటుకుపోయింది గాని, కుళాయి దగ్గర శుభ్రంగా ఉన్న నీరు ఇంట్లోకి వచ్చాక చెడిపోతుందన్న సంగతికి దక్కవలసినంత శ్రద్ధ నేటికీ దక్కడం లేదు.

భారత ప్రమాణాల ప్రకారం, క్లోరిన్ కలిపి సరఫరా చేసే నీటిలో, ఆ తర్వాత చేరే క్రిములను కూడా చంపడానికి వీలుగా, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దీన్నే అవశేష క్లోరిన్ అంటారు. నిల్వ ఉన్నకొద్దీ ఇది తగ్గిపోతుంది; ఇక తెలుగు పల్లెల్లో ఇరవై లీటర్ల క్యాన్లలో కొనుక్కునే ఆర్ఓ నీటిలోనైతే, శుద్ధి చేసే దశలోనే క్లోరిన్‌ను తొలగిస్తారు కనుక, అది దాదాపు ఉండదనే చెప్పాలి. అందువల్ల మూత తీసిన బిందెలో గ్లాసు ముంచినప్పుడు నీటిని తాకిన వేళ్లకు క్రిములు అంటుకొని ఉంటే, వాటిని అడ్డుకునేది ఆ నీటిలో ఏదీ మిగలదు. ఎంతో ఖర్చు పెట్టి శుద్ధి చేసిన నీటికి ఈ గతి పట్టడం నిజంగా బాధాకరం. అడుగున కుళాయి బిగించిన పాత్రలో నీరు నిల్వ చేయడం, అది లేనిచోట పొడవాటి కాడ ఉన్న గరిటెతో తోడుకోవడం, పాత్రను తరచు తోమి ఆరబెట్టడం ఇందుకు తగిన ఉపాయాలు.

క్రిమి ఒంట్లోకి చేరినంత మాత్రాన జబ్బు వచ్చి తీరదు. ఎన్ని చేరాయన్నది కూడా ముఖ్యమే. జీర్ణాశయంలోని ఆమ్లం కలరా క్రిములను పెద్ద సంఖ్యలో చంపుతుంది కాబట్టి, ఆరోగ్యవంతుడికి ఆ జబ్బు రావాలంటే అవి లక్షల్లోనో కోట్లల్లోనో లోపలికి పోవాలి. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లాకు మాత్రం ఆమ్లాన్ని తట్టుకునే శక్తి ఉన్నందువల్ల పదుల సంఖ్యలో చేరినా చాలు. కనుకనే షిగెల్లా చేతుల ద్వారా ఇల్లంతా సులభంగా పాకుతుంది. సబ్బు విలువ తెలిసేదీ ఇక్కడే. సబ్బు అణువు ఒక కొసతో జిడ్డును, మరో కొసతో నీటిని పట్టుకొని, చర్మానికి అంటుకున్న మురికితో పాటు క్రిములను కూడా ఊడదీసి నీటితో పోయేలా చేస్తుంది. ఆల్కహాలు కలిసిన శానిటైజర్ చాలా క్రిములను చంపగలిగినా, చేతికి మట్టి, జిడ్డు ఉన్నప్పుడు సరిగా పనిచేయదు; వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌పై దాని ప్రభావం అంతంతమాత్రమే.

మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక చేతులు కడుక్కునేవారు కూడా పసిపిల్లల మలాన్ని శుభ్రం చేశాక ఉత్త నీళ్లతో సరిపెట్టడం కద్దు. పసిబిడ్డల మలం హానిలేనిదన్న నమ్మకమే ఇందుకు కారణం కాగా, వాస్తవానికి విరేచనాలు తెచ్చే క్రిములు తరచు సోకేది వారికే. ఆ చేతులతోనే అన్నం కలిపితే క్రిములు నేరుగా కంచంలోకి చేరతాయి. గది వేడిలో గంటల తరబడి ఉంచిన అన్నంలో, పప్పులో కొన్ని రకాల బాక్టీరియా వేగంగా వృద్ధి చెందుతుంది కూడా.

పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్ విషయంలో మాత్రం ఈ జాగ్రత్తలన్నీ చాలవు. శుభ్రత బాగా పాటించే సంపన్న దేశాల్లో సైతం, టీకా రాకముందు, దాదాపు ప్రతి బిడ్డకూ అయిదేళ్లలోపు అది సోకేది. భారత ప్రభుత్వం 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టి ఆ తర్వాత దేశమంతటికీ విస్తరింపజేసిన రోటావైరస్ టీకాను, పిల్లలకు 6, 10, 14 వారాల వయసులో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు.