క్రైస్తవ మిషనులును మన పల్లెల స్త్రీలును



మా వినుకొండకు ఆ పేరు వచ్చుటను గూర్చి పెద్దలు చెప్పెడు కథ యొకటి కలదు. సీతాపహరణ వార్తను శ్రీరాముడు ఈ కొండమీద వినెననియు, వినిన కొండ గనుక వినుకొండ యయ్యెననియు స్థలపురాణము. అది చరిత్రయా, కాదా యను విచారణతో నాకిపుడు పనిలేదు. ఒక స్త్రీకి వచ్చిన ఆపదను విన్న చోటు అను అర్థము మాత్రము నాకు మిక్కిలి ప్రియమైనది. ఏలయన, ఈ సీమలోని పల్లెపడుచుల కష్టమును మనవారు చాలకాలము వినిపించుకొనలేదు. వినిపించుకొన్నవారిలో సముద్రము దాటి వచ్చిన క్రైస్తవ మిషనువారు ముందువరుసలోని వారు. వారు చేసిన పని యెట్టిది, అందు నిలిచినదేది, నిలువనిదేది యను విషయమును నేడు మీకు మనవి చేసెదను. నేను క్రైస్తవుడను గాను. కావ్యములును వ్యాకరణమును గురుముఖమున చదువుకొని, బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కావున స్తోత్రపాఠమునకు గాని, దూషణమునకు గాని పూనుకొనక, కన్నదియు విన్నదియు తూచి చెప్పుటకు యత్నించెదను.

అమెరికా దేశపు లూథరను సంఘమువారి పక్షమున హెయ్యరు అను పెద్దమనిషి 1842వ సంవత్సరము జూలై 31వ తేదీన గుంటూరు చేరెను. కొన్నియేండ్లకు ఆయన పల్నాటికి వచ్చి గురజాల కేంద్రముగా పనిచేసెను. మరియొక శాఖ యగు బాప్టిస్టులు తొలుత నెల్లూరిలో నిలిచి, 1866లో ఒంగోలు చేరిరి. అచ్చటి క్లవు దొరగారి పేరు మన తాతల కాలమున పల్లెపల్లెకు తెలిసినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన గొప్ప కరవులో ఆయన బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంతభాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించెను. వినుకొండలో ఆ మిషను 1883లో స్థాపింపబడెను.

కరవు తీరినపిమ్మట ఆ సంఘమున చేరినవారు వేలకొలదిగా నుండిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరిలో పెక్కుమంది ఊరికి వెలుపల నుంచబడిన వాడలవారు. వీరికి చదువు చెప్పువారెవరు? ఉపాధ్యాయుడొక్కడు పల్లెకు పోయినచో మగపిల్లలు వచ్చి కూర్చుందురు. ఆడుపిల్లలు రారు. ఇంటి ఇల్లాండ్రు వాకిలి దాటి రారు. వారికి చెప్పవలెనన్న ఒక స్త్రీయే పోవలెను. ఆ స్త్రీకి ముందుగా ఎవరో చదువు చెప్పవలెను. ఈ అక్కరనుండియే బాలికల వసతిపాఠశాలలును, ఉపాధ్యాయినుల శిక్షణయు, బైబిలు స్త్రీలను పరిచారికల వ్యవస్థయు పుట్టినవి. మూలకారణము మతప్రచారమే. దానిని దాచనక్కరలేదు. అయినను ఫలితమును చూడుడు. బైబిలు చదువుటకై అక్షరములు నేర్చిన చేయి ఉత్తరమును చదువగలదు. అప్పుపత్రముపై వేలిముద్ర వేయుటకు ముందు అందేమి వ్రాసియున్నదో కనుగొనగలదు. 1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో దేశమంతటను నూటికొక్క స్త్రీయైనను చదువనేర్చినది లేదు. అట్టి కాలమున వాడనుండి వచ్చిన బాలిక పలకపట్టుట సామాన్యమైన మార్పు కాదు.

వసతిపాఠశాల వలన కలిగిన మేలు మరియొకటి గలదు. బాలిక చదువులో నున్నన్నాళ్లు వివాహము వాయిదాపడును. చదువు ముగించి ఉపాధ్యాయిని యైనచో నెలకు జీతము చేతికి వచ్చును. జీతము తెచ్చు కూతురి మాటకు ఇంటిలో విలువ పెరుగును. ఉపన్యాసములు చేయలేని పనిని ఆ కొద్దిపాటి జీతము చేసినది.

ఇక వైద్యము. నాడు ఘోషా పాటించు ఇండ్ల స్త్రీలు పరపురుషుడైన వైద్యుని కంటబడరాదు. కాన్పు కష్టమైనచో మంత్రసాని నేర్పును, ఇలవేల్పుల దయయు తప్ప వేరు దిక్కులేదు. ఇట్టి సమయమున, 1883లో, ఆనా కుగ్లరు అను వైద్యురాలు గుంటూరు వచ్చెను. ఆమె పెన్సిల్వేనియా రాష్ట్రమువారు. స్త్రీలకై నెలకొల్పిన వైద్యకళాశాలలో 1879లో పట్టము పొందినవారు. విచిత్రమేమన, ఆమెను పంపిన సంఘమువారు మొదట వైద్యమునకు గాక, స్త్రీలకు బోధించుటకే ఆమెను నియమించిరి. ఆమె బోధనపనిని విడువలేదు; రోగులను విడువలేదు. 1886లో ఔషధశాల తెరచిరి. 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి వెలసినది. దానిని గుంటూరివారు నేటికిని కుగ్లరు ఆసుపత్రి యనియే పిలుచుచున్నారు. ఏలూరు రాజావారి కుటుంబమున ఆమె చేతిమీదుగా క్షేమముగా ప్రసవము జరిగి పుత్రుడు కలుగగా, కృతజ్ఞులై వారు హిందూరోగుల బంధువులకై ఒక సత్రము కట్టించిరి. ఆచారము చెడునను భయముతో ఆసుపత్రి గడప త్రొక్కని ఇండ్లవారికి ఆ సత్రము త్రోవ చూపినది. అన్యమతమువారి ఆసుపత్రియు, హిందూప్రభువు కట్టించిన సత్రమును ప్రక్కప్రక్కనే నిలుచుటలో గల ఔచిత్యమును మీరే గ్రహింపుడు. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసిరి.

ఆమె గతించిన పిదపను ఆసుపత్రి నిలిచినది. కారణమేమి? ఆమె రోగము కుదుర్చుటతో ఆగక, మన ఆడుబిడ్డలకు నర్సు పని నేర్పించిరి. నేర్చినవారు మరికొందరికి నేర్పిరి. చెరువులో నీరు పోసినట్లు గాక, ఊట త్రవ్వినట్లయినది.

దీనికి ఎదురైన ఉదాహరణమును గూడ చెప్పవలెను. గోదావరి మండలమున నరసాపురము ప్రాంతమందు మిషను దొరసానులు పేదస్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. అల్లిక నిలిచినది, నరసాపురపు లేసు విదేశములకును పోయినది. కాని నూలు తెచ్చువాడు ఒకడు, సరకు అమ్మువాడు మరియొకడు. ఇంటిమూల కూర్చుండి కన్నులు కాయలుకాయునట్లు అల్లిన స్త్రీకి దక్కినది స్వల్పమైన కూలి. మరియా మీస్ అను జర్మను విదుషి ఈ స్థితిని పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. పని నేర్పుట దానమే. కాని ఆ పనికి వెల కట్టు అధికారము స్త్రీకి రానిచో, ఆ దానము సగముతో ఆగినట్లే.

మతము మార్చుటకే ఇదంతయు చేసిరి గదా యని కొందరందురు. ఆ మాటలో నిజము కొంత కలదు. వారు ఆ ఉద్దేశమును దాచుకొనలేదు. అయినను కరవుకాలమున అన్నము పెట్టుచున్నన్నాళ్లు క్లవుగారు బాప్తిస్మములను ఆపివేసిరను సంగతిని మరువరాదు. ఇంకొక లోపమును గలదు. అగ్రవర్ణపు బాలికలకు వేరు బడులు, క్రైస్తవ బాలికలకు వేరు బడులు పెట్టి, కులభేదమును కొంతవరకు వారును సహించిరి. అయితే మనవారు ఊరకుండిరని చెప్పుటయు న్యాయము కాదు. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో గుంటూరున శారదానికేతనము నెలకొల్పిరి. ఒక దీపమును చూచి మరియొక దీపము వెలుగుట లోకసహజము.

మా వినుకొండనే చూడుడు. మహాకవి జాషువ 1895లో ఇచ్చటనే పుట్టిరి. గుంటూరులోని లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున కొన్నియేండ్లు తెలుగు బోధించిరి. ఆయన కుమార్తె హేమలత 1932లో జన్మించిరి. ఆమె నాస్తికులగు గోరాగారి యింటి కోడలై, లవణముగారితో గూడి నిజామాబాదు సీమలో జోగినులుగా విడువబడిన ఆడుబిడ్డల విముక్తికై పాటుపడిరి. ఆ దురాచారమును నిషేధించుచు 1988లో శాసనము వచ్చినది. క్రైస్తవుల యింట పుట్టి, ఏ మతమును పట్టుకొనక, హిందూదేవతల పేర బలియైన స్త్రీలను ఆమె ఆదరించిరి. సేవ ఎచ్చట మొలకెత్తినను, దాని నీడ అందరిదియు నగును.

నేడు ఆఫ్రికాఖండపు పల్లెలలోను క్రైస్తవ ధర్మసంస్థలు బాలికల చదువునకును, స్త్రీల జీవనోపాధికిని పాటుపడుచున్నవి. అచ్చటికైనను, ఇచ్చటికైనను కొలత యొక్కటే. దాత వెడలిపోయిన మరునాడు ఆ స్త్రీ చేతిలో ఏమి మిగిలినది? బియ్యపుమూట యైనచో అది వారమునకు తరుగును. చదువో, వృత్తియో, తన సంపాదనపై తనకు హక్కో మిగిలినచో, అది కూతునకును సంక్రమించును. విద్యాదానము అన్నదానమును మించినదని మన పెద్దలనిన మాటకు అర్థమిదియే.

తుదకు ఒక్క మనవి. మన సీమలో పత్తితీత మొదలైనది మొదలు, సంక్రాంతి దాటి మిరపకోతలు ముగియు దాక, బడిలో ఆడుపిల్లల వరుసలు పలుచబడుట ఏటేట చూచితిని. తల్లి కూలికి పోవలెను, చంటివానిని చూచుటకు పెద్దపిల్ల ఇంట నుండవలెను. తల్లిని నిందించి లాభములేదు. ఆమె లెక్క ఆకలి లెక్క. కావున ఊరి పెద్దలు, కోతకు పిలుచు రైతులు, కలిసి ఆ కోతల కాలమంతయు చంటిబిడ్డలను చూచుటకు ఒక చావడిని, ఒక ముసలమ్మను ఏర్పాటు చేయుడు. దానికి దొరలు రానక్కరలేదు, విదేశధనము రానక్కరలేదు. మీ ఊరిలో ఒక్క బాలిక పరీక్షదాక బడిలో నిలిచినను, ఆ పుణ్యము మీదే.