తుపాకీ చేజారాక మిగిలే ధైర్యం

యుద్ధ నవలల్లో నేను మళ్లీ మళ్లీ తీసి చదివేవి యుద్ధఖైదీల శిబిరాల్లో నడిచేవే. రణరంగంలో సైనికుడి చేతిలో ఆయుధం ఉంటుంది, పక్కన తోటివాళ్లుంటారు, పైన ఆజ్ఞలిచ్చే అధికారి ఉంటాడు. పట్టుబడిన క్షణంలో అవన్నీ పోతాయి. ఒళ్లు, ఆకలి, మనస్సాక్షి మాత్రం మిగులుతాయి. ఆ తర్వాత ఆ మనిషి ఏం చేశాడన్నదే అసలు కథ. రక్షణ వ్యవహారాలు రాసేవాళ్లం క్షిపణుల పరిధినీ, విమానాల సంఖ్యనూ లెక్కపెడుతూ ఉంటాం. ఆ లెక్కలకు అందని ధైర్యం గురించి నాకు ఎక్కువ నేర్పింది ఈ నవలలే.

వీటిలో చాలావాటికి మూలం ఆగ్నేయాసియా. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. 80 వేలకు పైగా మిత్రపక్ష సైనికులు లొంగిపోయారు. వారిలో వేలాది మందిని థాయ్‌లాండ్-బర్మా రైలుమార్గం పనికి తరలించారు. ఫ్రెంచి రచయిత పియరీ బూల్ 1952లో రాసిన క్వాయ్ నది వంతెన నవల ఆ నేపథ్యంలోదే. అందులో బ్రిటిష్ కర్నల్ తన సైనికుల క్రమశిక్షణ చెడకూడదని పట్టుబడతాడు. ఆ పట్టుదలతోనే శత్రువుకు అద్భుతమైన వంతెన కట్టించి పెడతాడు. ఆత్మగౌరవం ఎక్కడ ముగిసిందో, శత్రుసేవ ఎక్కడ మొదలైందో అతనికే తెలియదు. సినిమాలో ఆ వంతెన కూలుతుంది. నవలలో నిలిచే ఉంటుంది. చదివినవాడిని ఇబ్బంది పెట్టేది ఆ రెండో ముగింపే.

జేమ్స్ క్లావెల్ స్వయంగా సింగపూర్‌లోని చాంగీ శిబిరంలో ఖైదీగా ఉన్నాడు. 1962లో వచ్చిన అతని కింగ్ ర్యాట్‌లో పెద్ద అధికారులు ఆకలితో మాడుతుంటే, లోపలే వ్యాపారం నడిపే ఓ అమెరికన్ కార్పొరల్ ఇస్త్రీ చొక్కాతో తిరుగుతాడు. విడుదలైన రోజున అతని వైభవమంతా ఆవిరైపోతుంది. ఆస్ట్రేలియా రచయిత రిచర్డ్ ఫ్లానగన్ తండ్రి ఆ రైలుమార్గం మీద పనిచేసి బతికి వచ్చినవాడు. ఆ నేపథ్యంలో సైనిక వైద్యుడి కథగా కొడుకు రాసిన నవలకు 2014లో బుకర్ బహుమతి వచ్చింది.

మనవాళ్లు ఎక్కడ?

ఇవన్నీ చదివాక ఒక వెలితి మిగిలింది. సింగపూర్‌లో లొంగిపోయిన సైన్యంలో దాదాపు సగం మంది భారతీయులు. ఈ ప్రసిద్ధ నవలల్లో మాత్రం వాళ్లు ఏ మూలనో నీడల్లా కదులుతారు. 415 కిలోమీటర్ల ఆ రైలుమార్గం మీద 12 వేల మందికి పైగా మిత్రపక్ష ఖైదీలు చనిపోయారు. ఆసియా కూలీలు అంతకు అనేక రెట్లు చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకుపోయిన ఆ కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. సైనికుల సమాధుల మీద పేర్లున్నాయి. కూలీల్లో చాలామందికి సమాధులే లేవు.

నవలకు తగిన జీవితాలు మనకు లేక కాదు. హైదరాబాదీ అయిన కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీనే తీసుకోండి. ఏడో రాజ్‌పుత్ రెజిమెంటు అధికారిగా 1941 డిసెంబరులో హాంకాంగ్‌లో పట్టుబడ్డారు. ఆయన ఒక పెద్ద సంస్థానాధీశుడి బంధువని తెలియగానే జపాన్ అధికారులు ఒత్తిడి పెంచారు. బ్రిటిష్ వారితో తెంచుకుని, తోటి భారతీయ ఖైదీలనూ తిప్పమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. స్టాన్లీ జైల్లో తిండి పెట్టకుండా మాడ్చారు, చిత్రహింసలు పెట్టారు. శిబిరానికి తిరిగి వచ్చాక ఆయన మళ్లీ ఖైదీల పలాయనాలకు సాయం చేశారు. 1943 అక్టోబరు 29న మరో 30 మందికి పైగా ఖైదీలతో కలిపి ఆయన్ను చంపేశారు. 1946లో మరణానంతరం జార్జ్ క్రాస్ ప్రకటించారు.

అదే కాలంలో నాణేనికి రెండో వైపు కూడా ఉంది. మలయా, సింగపూర్‌లలో పట్టుబడ్డ వేలాది భారతీయ సైనికులు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. వారిలో షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లను 1945 నవంబరు నుంచి ఎర్రకోటలో విచారించారు. దేశం వాళ్ల వెంట నిలిచింది. చేసిన ప్రమాణానికి కట్టుబడి తల ఇచ్చినవాడు ధీరుడా, దేశం కోసం ఆ ప్రమాణాన్నే వదులుకున్నవాడు ధీరుడా? చరిత్ర పాఠం ఒకరినే ఎంచుకోమంటుంది. నవలకు ఆ నిర్బంధం లేదు. అమితావ్ ఘోష్ గ్లాస్ ప్యాలెస్‌లో మలయాలోని భారతీయ అధికారి మనసులో రగిలే ఈ సంఘర్షణే చదువుతాం.

ఆగిపోయిన రైల్వేస్టేషన్

స్వతంత్ర భారత సైనికుల కథల్లో నాకు ఇష్టమైనది 1972 నాటిది. అది కల్పన కాదు. బంగ్లాదేశ్ యుద్ధంలో పట్టుబడిన 12 మంది వైమానిక దళ అధికారులు రావల్పిండి శిబిరంలో ఉన్నారు. వారిలో దిలీప్ పరూల్కర్, ఎం.ఎస్. గ్రేవాల్, హరీశ్ సింహ్‌జీ గది గోడకు కన్నం వేసి ఆగస్టు 12 అర్ధరాత్రి దాటాక బయటపడ్డారు. బస్సెక్కి పెషావర్, అక్కడి నుంచి ఖైబర్ కనుమలోని లండీ కోతల్ చేరారు. అఫ్గాన్ సరిహద్దు ఇక నాలుగే మైళ్లు. అక్కడ లండీ ఖానాకు దారి అడిగారు. వాళ్లు చూసిన పటంలో అది రైల్వేస్టేషన్. ఆ స్టేషన్ 1932లోనే మూతపడిందని వాళ్లకు తెలియదు. అనుమానం వచ్చింది, దొరికిపోయారు.

ఆ సరిహద్దు ప్రాంతంలో అనుమానితుల గతి ఎలాగైనా ముగిసి ఉండేది. పరూల్కర్ యుక్తిగా పాకిస్థాన్ వైమానిక దళ కార్యాలయానికి ఫోన్ చేయించారు. అవతల పలికింది శిబిరానికి గతంలో అధికారిగా ఉండి, ఖైదీలను మర్యాదగా చూసిన ఉస్మాన్ హమీద్. వాళ్లు మనవాళ్లేనని, ఏమీ చేయొద్దని ఆయన చెప్పడంతో ప్రాణాలు దక్కాయి. ఆ ఏడాది డిసెంబరు 1న వాఘా మీదుగా అంతా స్వదేశం చేరారు. ఏ నవలాకారుడైనా నలభై ఏళ్ల కిందట మూతపడ్డ స్టేషన్‌ను కథకు మలుపుగా పెడితే, మరీ అతికించినట్టుందని అనేవాణ్ణి.

ఈ కథలో చట్టం పాత్ర కూడా ఉంది. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం, పారిపోతూ దొరికిన యుద్ధఖైదీకి క్రమశిక్షణ చర్య మాత్రమే తీసుకోవాలి. అది 30 రోజులకు మించరాదు. పారిపోవాలనుకోవడం సైనికుడి సహజ ధర్మమని ప్రపంచ దేశాలు అంగీకరించాయన్నమాట. శత్రువు చేతికి చిక్కిన మనిషికి ఆ కాగితమే కవచం. 2019లో అభినందన్ వర్ధమాన్ మూడు రోజుల్లోనే తిరిగి వచ్చిన వేళ మనమంతా ఆ ఒప్పందం పేరు తలచుకున్నాం.

తిరిగి రానివాళ్ల మాటేమిటి? 1971 యుద్ధంలో గల్లంతైన 54 మంది పాకిస్థాన్ జైళ్లలో ఉన్నారని వారి కుటుంబాలు దశాబ్దాలుగా నమ్ముతున్నాయి. తమ దగ్గర ఎవరూ లేరని పాకిస్థాన్ అంటోంది. బంధువులు 1983లోనూ, 2007లోనూ అక్కడికి వెళ్లి జైళ్లు చూసి వట్టి చేతులతో వచ్చారు. తలుపు చప్పుడైతే లేచి చూసే ఆ ఇళ్లలోనూ ఒక రకం ఖైదు సాగుతోంది. దాని మీదా ఒక మంచి నవల రావాలి.

అప్పుడు పాతికేళ్లున్న పైలట్లూ జవాన్లూ ఇప్పుడు ఎనభైకి చేరువయ్యారు. మన ఊళ్లలోనూ 1965, 1971 యుద్ధాలు చూసిన మాజీ సైనికులున్నారు. వాళ్లు ఎప్పుడూ చెప్పుకునే విజయాలే కాక, చెప్పడానికి జంకిన రోజుల గురించీ ఎవరైనా పక్కన కూర్చుని అడగాలి. రికార్డు చేసుకోవాలి. రేపటి నవలాకారుడికి పనికొచ్చే ముడిసరుకు అదే. అందుకు మిగిలిన సమయం మాత్రం ఎక్కువ లేదు.