వంతుకు వెల: థీమ్ పార్కుల్లో నిరీక్షణ కాలం – ఒక పరిశీలన

తెలుగులో 'వంతు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పంపకంలో ఒకరికి దక్కే భాగం వంతు. ఒకరి తరువాత ఒకరుగా పని జరిగేటప్పుడు ఒకరికి వచ్చే అవకాశమూ వంతే. రేషన్ దుకాణం ముందు, ఆసుపత్రిలో ఓపీ చీటీలిచ్చే కిటికీ ఎదుట నిలుచున్న మనిషి విషయంలో ఈ రెండర్థాలూ ఒకటవుతాయి. అక్కడ అతనికి దక్కే భాగం అతని అవకాశమే. 'వరుస' నిలబడే క్రమాన్ని చెబితే, 'వంతు' ఆ క్రమం వల్ల కలిగే హక్కును చెబుతుంది. అదనపు సొమ్ము చెల్లించినవారిని ముందుగా పంపే పద్ధతి వరుసను చెరపదు, వంతును మారుస్తుంది. అమెరికాలోని థీమ్ పార్కుల్లో, ముఖ్యంగా డిస్నీ సంస్థ పార్కుల్లో, ఈ పద్ధతి ఎలా రూపుదిద్దుకొన్నదో, దాని వెనుక ఉన్న లెక్కలో ఎవరి కాలం ఎవరికి చేరుతున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

టికెట్టు పుస్తకం – ఒకే ధర

కాలిఫోర్నియాలోని అనహైంలో డిస్నీలాండ్ 1955 జూలై 17న ప్రారంభమైంది. అప్పుడు పెద్దలకు ప్రవేశ రుసుము ఒక డాలరు. లోపలికి వెళ్లాక ప్రతి రైడ్‌కూ వేరుగా చెల్లించవలసి ఉండేది. కొద్ది నెలల్లోనే ఎ, బి, సి అనే తరగతుల టికెట్లను కుట్టిన చిన్న పుస్తకాలు అమ్మకానికి వచ్చాయి. 1956లో 'డి', 1959లో 'ఇ' తరగతులు చేరాయి. అన్నింటికంటే ఉత్కంఠ కలిగించే రైడ్‌లకు 'ఇ' టికెట్టు కావాలి. ఆ పేరు అమెరికన్ ఇంగ్లీషులో నానుడిగా స్థిరపడింది. 1983లో అంతరిక్షానికి వెళ్లిన తొలి అమెరికన్ మహిళ శాలీ రైడ్ తన ప్రయాణాన్ని 'ఇ' టికెట్టుతోనే పోల్చారు. అప్పటికి ఆ టికెట్టు రద్దయి ఏడాది గడిచింది.

1982లో డిస్నీ పార్కులు టికెట్టు పుస్తకాలను మానివేసి, ద్వారం వద్దనే ఒకే ధర తీసుకొనే పద్ధతికి మారాయి. ఈ మార్పు పైకి కనిపించినంత చిన్నది కాదు. ఒకసారి లోపలికి వెళ్లిన సందర్శకుడికి తరువాతి రైడ్ ఖర్చు సున్నా. కాబట్టి అందరికీ ఇష్టమైన రైడ్ దగ్గర గిరాకీని అదుపు చేసేది డబ్బు కాక కాలమే అయింది. గంటసేపు నిలబడగలిగినవారు ఎక్కుతారు, లేనివారు మరొక చోటికి పోతారు. ద్వారం వద్ద ధర చెల్లించలేనివారు ముందే బయట ఉండిపోయారన్న మాట నిజమే. అయితే లోపలికి వచ్చినవారిలో ధనికుడికీ, ఏడాది పొడుగునా కూడబెట్టుకొని వచ్చిన కుటుంబానికీ రోజుకు ఉన్నది ఒకే సంఖ్యలో గంటలు. థీమ్ పార్కు వరుసలోని సమానత్వాన్ని అనాది ఆచారంగా భావించి నేటి మార్పును పతనంగా వర్ణించే ధోరణి ఒకటి ఉన్నది. చరిత్ర దానిని సమర్థించదు. డిస్నీ పార్కుల్లో ఆ సమానత్వం టికెట్టు పుస్తకాల రద్దుతో పుట్టింది. దాని వయస్సు కొన్ని దశాబ్దాలే.

ఉచితంగా మొదలైన దారి

1999లో డిస్నీ 'ఫాస్ట్‌పాస్' ప్రవేశపెట్టింది. రైడ్ దగ్గరి యంత్రంలో ప్రవేశ టికెట్టు పెడితే, ఏ వేళకు తిరిగి రావాలో ముద్రించిన చీటీ వస్తుంది. ఆ వేళకు వచ్చినవారు ప్రత్యేక దారిలో దాదాపు నిలబడకుండానే వెళతారు. దీనికి అదనపు రుసుము లేదు. ముందుగా వచ్చినవారికి ముందుగా చీటీ దొరుకుతుంది కనుక, ఇదీ ఒక వరుసే. మనుషుల బదులు చీటీలు నిలబడిన వరుస.

సంస్థకు ఇందులో లాభం లేకపోలేదు. వరుసలో చిక్కుకొన్న మనిషి భోజనం చేయడు, బొమ్మలు కొనడు. విడుదలైన మనిషి ఆ రెండూ చేస్తాడు. కానీ చాలామంది మరొక పని కూడా చేశారు: చీటీ చేత పట్టుకొని మరో రైడ్ వరుసలో నిలబడ్డారు. ఒకే మనిషి ఏకకాలంలో రెండు చోట్ల నిరీక్షించడం మొదలైనప్పుడు పార్కులోని వరుసలు తగ్గడానికి బదులు చిన్న రైడ్‌ల దగ్గర కూడా పెరుగుతాయి.

ఉచితం నుంచి వెలకు మారడం ఒక్కరోజులో జరగలేదు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో కాగితపు చీటీల స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ పద్ధతిలో సంస్థ హోటళ్లలో దిగినవారు 60 రోజుల ముందు, ఇతరులు 30 రోజుల ముందు వేళలు ఎంచుకొనేవారు. రుసుము లేకపోయినా, గదికి చెల్లించిన అద్దె అప్పటికే వరుసలో పనిచేయసాగింది. 2017లో డిస్నీలాండ్‌లో 'మ్యాక్స్‌పాస్' పేరిట ఫోనులోనే వేళలు ఎంచుకొనే సౌకర్యానికి రోజుకు 10 డాలర్లు వసూలు చేశారు. 2020లో కోవిడ్ కారణంగా పార్కులు మూతపడ్డాయి. తిరిగి తెరిచాక ఫాస్ట్‌పాస్ రాలేదు. 2021 అక్టోబరులో ఫ్లోరిడాలో 15 డాలర్ల ధరతో 'జీనీ ప్లస్' వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో డిస్నీలాండ్‌లో 20 డాలర్ల ధరతో మొదలైంది. తరువాత ధర రోజును బట్టి మారసాగింది. 2024లో దానికి 'లైట్నింగ్ లేన్ మల్టీ పాస్' అని పేరు మార్చారు. ఆ ఏడాదే వేళల నియమం లేకుండా ఎప్పుడైనా వెళ్లగలిగే 'ప్రీమియర్ పాస్' చేరింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మిక్కిలి రద్దీ రోజులకు దాని ధర మనిషికి 400 డాలర్లు దాటింది. ప్రవేశ టికెట్టు దీనికి అదనం.

నిరీక్షణ లెక్క

ఈ పద్ధతి పనితీరును ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక రైడ్ గంటకు 1,200 మందిని ఎక్కించుకోగలదు. ఎదుట 600 మంది ఉన్న ఒకే వరుస చివర నిలబడిన వ్యక్తికి అరగంటలో వంతు వస్తుంది. ఇప్పుడు అదే రైడ్‌కు రెండు దారులు ఏర్పరచి, గంటకు 840 ఆసనాలను సొమ్ము చెల్లించినవారికి కేటాయించారనుకొందాం. సాధారణ వరుసకు మిగిలేవి 360. ఆ వరుసలో కళ్లకు కనిపించేది మునుపటిలాగే 600 మందే. కానీ వంతు రావడానికి పట్టేది 100 నిమిషాలు. వరుసలో ఉన్నవారి సంఖ్యకు, సేవ పొందే వేగానికి, నిరీక్షణ కాలానికి మధ్య ఉన్న ఈ సంబంధాన్ని జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించారు. అది ఆయన పేరుతోనే ప్రసిద్ధం.

రెండో దారి వల్ల రైడ్‌కు ఒక్క ఆసనం కూడా పెరగలేదన్నది గమనించవలసిన విషయం. మొత్తం జనం అంతే, ఆసనాలు అంతే అయినప్పుడు మొత్తం నిరీక్షణ కూడా అంతే. కొందరికి తగ్గిన నిమిషాలు మిగిలినవారికి పెరిగిన నిమిషాలే. ఖాళీగా ఉండే వేళలకు కొందరిని మళ్లించగలిగితే స్వల్పమైన మేలు జరగవచ్చు. పొద్దుటినుంచి రాత్రి దాకా నిండి ఉండే రైడ్‌కు అదీ లేదు. అందుచేత పార్కు 'కాలాన్ని ఆదా చేసే' సౌకర్యాన్ని అమ్ముతున్నదనడం సగం నిజం. కొన్నవాడికి ఆదా అయిన కాలం పక్క దారిలో ఉన్నవారిది. వారు దానిని అమ్మలేదు, వారికి సొమ్ము ముట్టలేదు.

దీనికి సమర్థనగా విమానంలోని బిజినెస్ క్లాసును తరచు ఉదహరిస్తారు. ఆ పోలిక నిలవదు. బిజినెస్ క్లాసు ప్రయాణికుడు విశాలమైన కుర్చీకి, మెరుగైన భోజనానికి చెల్లిస్తాడు. వెనుక కూర్చున్నవారు అతని వల్ల ఆలస్యంగా గమ్యం చేరరు. ఆర్థికశాస్త్రపరమైన వాదం ఇంతకంటే బలమైనది: ఎవరు కాలానికి ఎక్కువ విలువ ఇస్తారో వారే ఎక్కువ చెల్లిస్తారు, కాబట్టి ఆసనం ఎక్కువగా కోరుకొన్నవారికి చేరుతుంది. మైకేల్ శాండెల్ 2012లో వెలువరించిన 'వాట్ మనీ కాంట్ బై' గ్రంథంలో, వరుసను దాటడం గురించిన తొలి అధ్యాయంలోనే, ఈ వాదాన్ని ప్రశ్నించారు. చెల్లించే సుముఖత వెనుక చెల్లించే శక్తి దాగి ఉంటుందన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి. ఏడేళ్ల పిల్లవాడు ఒక రైడ్‌ను ఎంతగా కోరుకొంటున్నాడో అతని తండ్రి జేబు చెప్పలేదు.

ఇక వరుసలో నిలబడినవారి మనఃస్థితి. ఎం.ఐ.టి. ఆచార్యుడు రిచర్డ్ లార్సన్ 1987లో, నిరీక్షణలో జనాన్ని బాధించేది నిమిషాల సంఖ్య మాత్రమే కాదనీ, తమ తరువాత వచ్చినవారు తమకంటే ముందు సేవ పొందడమనీ చర్చించారు. రెండు దారులూ ఒకచోట కలుస్తాయి. అక్కడ నిలుచున్న ఉద్యోగి ఎటువైపు నుంచి ఎందరిని వదలాలో నిర్ణయిస్తాడు. బయట బోర్డు మీద నిరీక్షణ నిమిషాలు ఉంటాయి కానీ, ఆసనాల్లో ఏ దారికి ఎంత భాగమన్నది ఉండదు. పాస్ ధర ఎంతన్న దానికంటే ఈ మౌనమే ఎక్కువ అభ్యంతరకరం. వరుస చిన్నదైతే పాస్‌కు గిరాకీ ఉండదు. కొత్త రైడ్ కట్టడానికి భారీ వ్యయం అవుతుంది, ఉన్న ఆసనాలను అటునుంచి ఇటు మార్చడానికి దాదాపు ఏమీ కాదు. సంస్థ కావాలనే వరుసను పెంచుతున్నదని ఆరోపించనవసరం లేదు. తగ్గించాలన్న ప్రేరణ బలహీనపడడమే చాలు.

తెలిసిన వాటా, తెలియని వాటా

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. భారతీయ రైల్వే 1997లో ప్రారంభించిన తత్కాల్ కూడా అదే రైలులోని బెర్తులను కొంత అదనపు ధరకు అమ్మడమే. తిరుమలలో సర్వదర్శనంతో పాటు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉన్నది. దైవదర్శనాన్ని వినోదంతో సమానం చేయడం సరికాదు. అక్కడి చర్చలో వేరే ప్రశ్నలు కూడా ఉంటాయి. వాటాల సంగతి వరకు మాత్రం పోల్చవచ్చు. తత్కాల్‌లో ఎన్ని బెర్తులు మిగిలాయో రిజర్వేషన్ చేసుకొనే ఎవరికైనా కనిపిస్తుంది. ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దేవస్థానం ముందుగా ప్రకటించిన తేదీన ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. సమ్మతించినా విమర్శించినా, మాట్లాడటానికి ఒక లెక్క ఉంటుంది. హైదరాబాదు శివారు రావిర్యాలలో 2016లో ప్రారంభమైన వండర్‌లా పార్కులో సాధారణ టికెట్టు కంటే ఎక్కువ ధరకు 'ఫాస్ట్‌ట్రాక్' టికెట్టు దొరుకుతుంది. పేరులో తప్ప సూత్రంలో ఇది ఫ్లోరిడా పద్ధతికి భిన్నం కాదు.

రద్దీని ధరతో అదుపు చేయడమే లక్ష్యమైతే వేరే మార్గాలున్నాయి. డిస్నీ తన అమెరికా పార్కుల్లో 2016 నుంచి రోజును బట్టి ప్రవేశ ధరను మార్చసాగింది. రద్దీ లేని రోజుకు కొందరు మళ్లితే వరుస అందరికీ తగ్గుతుంది. పెన్సిల్వేనియాలోని నోబెల్స్ పార్కులో ప్రవేశం ఉచితం. రైడ్‌కు ఇంత అని చెల్లిస్తారు. అది 1955 నాటి పద్ధతికి దగ్గర. అక్కడ డబ్బు ఎన్ని రైడ్‌లు ఎక్కాలో నిర్ణయిస్తుంది కానీ, ఎవరి ముందు ఎవరు నిలబడాలో నిర్ణయించదు.

నిలబడలేనివారు

వంతుకు వెల కట్టడం వల్ల కలిగే చిక్కు, వరుసలో నిలబడలేనివారి విషయంలో తీవ్రంగా కనిపిస్తుంది. వైకల్యం ఉన్న సందర్శకులను వేరే దారిలో పంపే సౌకర్యం డిస్నీ పార్కుల్లో చాలాకాలంగా ఉన్నది. 2013లో, కొన్ని సంపన్న కుటుంబాలు వరుసను దాటడానికి వైకల్యం ఉన్న వ్యక్తులను డబ్బిచ్చి వెంట తీసుకువెళుతున్నాయని పత్రికలు వెల్లడించాయి. ఫాస్ట్‌పాస్ అప్పటికి ఉచితమే. సంస్థ వెల కట్టకముందే బయట దానికి ఒక వెల పుట్టిందన్నమాట. ఆ ఏడాదే పాత పద్ధతిని తీసివేసి, ఆ రైడ్ నిరీక్షణకు తగినట్లు తిరిగి రావలసిన వేళ ఇచ్చే కొత్త పద్ధతి తెచ్చారు.

2024లో ఆ సౌకర్యాన్ని ప్రధానంగా ఆటిజం వంటి వికాససంబంధ వైకల్యాలున్నవారికి పరిమితం చేశారు. ఎక్కువసేపు నిలబడలేని ఇతర అనారోగ్యాలున్న పలువురు అంతకు ముందు దానిని వాడుకొన్నవారే. వరుస మధ్యలో బయటకు వెళ్లి మళ్లీ వచ్చి కలిసే వెసులుబాటు వంటివి వారికి సూచిస్తున్నారు. ఒంటరిగా చిన్న పిల్లలతో వచ్చిన తల్లికి ఆ వెసులుబాటు ఎంతవరకు ఉపయోగపడుతుందో ఊహించవచ్చు. ఆమెకు మిగిలింది లైట్నింగ్ లేన్. ఉచితంగా ఇచ్చిన వేళకు వచ్చి ఆమె ఇదివరకు లోపలికి వెళ్లినది ఆ దారిలోనే. ఇప్పుడు మాత్రం ముందుగా ఫోను తెరిచి ఆ రోజు ధర ఎంతో చూసుకోవాలి.