చల్లని గాలి వేరు, మంచి గాలి వేరు

రోహిణి కార్తెలో మన విజయవాడ ఎండల సంగతి మీకు చెప్పనవసరం లేదు. గవర్నర్‌పేట సందుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. చాలా గదులకు ఒకటే కిటికీ. దుమ్ము, దోమలు, వేడి రాకుండా దానిని కూడా మూసి ఏసీ వేసుకుంటాము. గది చల్లబడుతుంది. కానీ అందులోని గాలి మారుతున్నదా? ఇంట్లో దగ్గు ఒకరి తరువాత ఒకరికి వస్తున్నదని వచ్చే కుటుంబాలను మేము అడిగే ప్రశ్న ఇదే.

ఏది ఏం చేస్తుంది?

సీలింగ్ ఫ్యాను గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. స్ప్లిట్ ఏసీ కూడా ఆ గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. బయట ఉండే పెట్టె వేడిని బయటికి పంపుతుంది గాని, కొత్త గాలిని లోపలికి తేదు. కూలర్‌ను కిటికీ దగ్గర పెడితే బయటి గాలిని లాగి లోపలికి తోస్తుంది. అప్పుడు ఆ గాలి పోవడానికి ఎదురుగా ఒక తలుపు తెరచి ఉండాలి. అన్నీ మూసి కూలర్ వేస్తే తేమ పెరిగి ఉక్కపోస్తుంది.

టీబీ ఉన్నవారు దగ్గినప్పుడు వెలువడే క్రిములు మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ ఉండగలవు. పెరూ దేశంలోని లిమా నగర ఆసుపత్రులలో గాలిని కొలిచి 2007లో ప్రచురించిన పరిశోధనలో, తలుపులు, కిటికీలు తెరచిన గదులలో గాలి గంటకు సగటున 28 సార్లు మారినట్లు తేలింది. ఖర్చు లేని మందు ఇది.

ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు

1. కాగితం పరీక్ష: వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, దాని జాలీ దగ్గర పలుచని టిష్యూ కాగితం పెట్టండి. అది అంటుకొని నిలవాలి. నిలవకపోతే తలుపు కొంచెం తెరచి మళ్లీ చూడండి. ఇప్పుడు నిలిస్తే ఫ్యాను మంచిదే, గాలి లోపలికి వచ్చే దారే లేదు. అప్పటికీ నిలవకపోతే రెక్కల జిడ్డు శుభ్రం చేయించండి. ఆయాసం ఉన్నవారి ఇంట్లో అగరువత్తి పొగతో ఈ పరీక్ష చేయవద్దు.

2. లెక్క: 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గదిలో 1,200 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. నిమిషానికి 200 ఘనపుటడుగులు లాగే ఫ్యాను గంటకు 12,000 లాగుతుంది. అంటే గది గాలి 10 సార్లు మారినట్లు. ఈ సంఖ్య కొన్ని ఫ్యాన్ల డబ్బాలపై సీఎఫ్ఎం అని ఉంటుంది.

3. ఏసీ పరీక్ష: ఉష్ణోగ్రత బాగా తగ్గించి పెట్టి 15 నిమిషాలు నడపండి. గది థర్మామీటరుతో (జ్వరం చూసేది కాదు) పైన గాలి లోపలికి పోయే చోట, కింద బయటికి వచ్చే చోట చూడండి. తేడా సాధారణంగా 8 నుండి 12 డిగ్రీలు ఉంటుంది. గాలి జోరుగా వస్తూ తేడా తక్కువగా ఉంటే మెకానిక్‌తో గ్యాసు, బయటి పెట్టె చూపించండి. గాలి చల్లగా ఉండి బలహీనంగా వస్తుంటే, లేదా లోపల మంచు కడుతుంటే, ముందుగా ఫిల్టరు కడగండి.

ఏం చేయాలి?

• తెల్లవారుజామున, పడుకునే ముందు తలుపు, కిటికీ 15 నిమిషాలు తెరవండి. మిట్టమధ్యాహ్నం వృద్ధులు, పసిపిల్లలు ఉన్న గదిలోకి వడగాలి రానివ్వవద్దు.
• దోమల జాలీకి పట్టిన దుమ్ము గాలిని ఆపుతుంది. తరచూ కడగండి.
• ఇంటి కూడికకు పదిమంది చేరినప్పుడు ఏసీ 26 డిగ్రీల వద్ద పెట్టి, ఫ్యాను వేసి, కిటికీ కొంచెం తెరచి ఉంచండి. కరెంటు బిల్లు కొంచెం పెరిగినా ఫరవాలేదు.
• టీబీ మందులు మొదలుపెట్టినవారు డాక్టరు చెప్పేవరకు ఇతరులతో మూసిన ఏసీ గదిలో పడుకోరాదు.

రెండు వారాలు దాటిన దగ్గును ఏసీ వల్లనేనని సరిపెట్టుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రులలో కళ్లె పరీక్ష, టీబీ మందులు ఉచితం. ఆలస్యం చేయక పరీక్ష చేయించుకోండి.