ఫొటోలు టేబుల్‌లోనా... ఫోల్డర్‌లోనా?

ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే చాలామంది స్టూడెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమో, జాబ్ పోర్టలో ఎంచుకుంటారు. వాటిలో ఫొటోలు, రెజ్యూమెలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు తప్పకుండా ఉంటాయి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి చెబుతుంటే ‘ఆ ఫొటోలను ఎక్కడ దాచారు? అక్కడే ఎందుకు?’ అని అడిగారనుకోండి. ‘బ్లాబ్ కాలమ్‌లో సార్’ అంటే మొదటి ప్రశ్నకే జవాబు చెప్పినట్టు. మార్కులు పడేది రెండో ప్రశ్నకు! ఫ్రెషర్‌కు డేటాబేస్ నిజంగా ఎంత తెలుసో చెప్పేసే ఈ అంశాన్ని ఓసారి వివరంగా చూద్దాం.

బ్లాబ్ అంటే ఏంటి?

పేరు, మార్కులు, తేదీ... ఇవి డేటాబేస్‌కు అర్థమయ్యే విలువలు. వాటిని పోల్చగలదు, వరసలో పెట్టగలదు. ఫొటో, పీడీఎఫ్, ఆడియో అలా కాదు. డేటాబేస్ దృష్టిలో అవి ఉత్త బైట్ల మూటలు. వీటినే బైనరీ లార్జ్ ఆబ్జెక్ట్, క్లుప్తంగా బ్లాబ్ అంటారు.

మైఎస్‌క్యూఎల్‌లో బ్లాబ్ కాలమ్ పరిమితి 65,535 బైట్లే. అంటే 64 కేబీ లోపు. మొబైల్‌తో తీసిన ఫొటో చాలాసార్లు 2, 3 ఎంబీ ఉంటుంది. స్ట్రిక్ట్ మోడ్‌లో ఉంటే ఎర్రర్ వస్తుంది. ఆ మోడ్ లేకపోతే ఫొటో మధ్యలోనే తెగిపోయి సేవ్ అవుతుంది. దాదాపు 16 ఎంబీ వరకు మీడియంబ్లాబ్, 4 జీబీ వరకు లాంగ్‌బ్లాబ్ ఉన్నాయి. అయితే మ్యాక్స్ అలవ్డ్ ప్యాకెట్ అనే సెట్టింగ్ అడ్డొస్తుంది. 8.0 వెర్షన్ సర్వర్‌లో అది మామూలుగా 64 ఎంబీ. ఎంత పెంచినా 1 జీబీ దాటదు. పోస్ట్‌గ్రెస్‌లో బైనరీ డేటాకు వాడే బైటియా రకానికి గరిష్ఠ పరిమితి 1 జీబీ.

లోపల జరిగేది ఇదీ

డేటాబేస్ డిస్క్ నుంచి సమాచారాన్ని పేజీల లెక్కన చదువుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో పేజీ సైజు 8 కేబీ, మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీలో మామూలుగా 16 కేబీ. మరి 2 ఎంబీ ఫొటో అందులో ఎలా పడుతుంది? పట్టదు. అందుకే పోస్ట్‌గ్రెస్‌లో ‘టోస్ట్’ అనే ఏర్పాటు ఉంది. వరుస సుమారు 2 కేబీ దాటితే పెద్ద విలువను కుదించి చూస్తుంది. అప్పటికీ సరిపోకపోతే ముక్కలు చేసి వేరే టేబుల్‌లో పెట్టి, అసలు వరుసలో చిరునామా మాత్రమే ఉంచుతుంది. ఇన్నోడీబీ కూడా పెద్ద విలువలను వేరే పేజీల్లోకి పంపుతుంది.

దీనివల్ల మనకేంటి? పేరు, మార్కులు మాత్రమే అడిగితే డేటాబేస్ ఫొటోల జోలికి పోదు. కానీ ‘సెలెక్ట్ స్టార్’ అన్నారో, ప్రతి వరుసకూ ముక్కలన్నీ ఏరి, కలిపి, నెట్‌వర్క్ మీదుగా పంపాలి. చిన్న లెక్క వేద్దాం. 50,000 మంది విద్యార్థులు, ఒక్కొక్కరి వివరాలు 1 కేబీ అనుకుంటే మొత్తం 50 ఎంబీ. ఫొటో 200 కేబీ చొప్పున కలిపితే మరో 10 జీబీ! పూర్తి బ్యాకప్ తీసిన ప్రతిసారీ ఈ బరువంతా మోయాల్సిందే.

సైజును బట్టి నిర్ణయం

మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జిమ్ గ్రే, ఆయన సహచరులు 2006లో ఇదే ప్రశ్న మీద ఒక పరిశోధన నివేదిక వెలువరించారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను, విండోస్ ఫైల్ సిస్టమ్‌ను పోల్చి చూశారు. 256 కేబీ కంటే చిన్నవాటికి డేటాబేస్, 1 ఎంబీ దాటినవాటికి ఫైల్ సిస్టమ్ మేలని తేల్చారు. మధ్యలో ఉన్నవాటికి ఎంత తరచుగా మారుస్తారన్నదే కీలకం. అంకెలు నాటి యంత్రాలవి కాబట్టి వాటినే సూత్రంలా పట్టుకోవద్దు. ఆలోచించే పద్ధతి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఎస్‌క్యూలైట్ బృందం పరీక్షల్లోనైతే 10 కేబీ థంబ్‌నెయిల్స్‌ను విడివిడి ఫైళ్ల నుంచి కంటే డేటాబేస్ నుంచి చదవడమే సుమారు 35 శాతం వేగంగా సాగింది. ప్రతి ఫైలునూ తెరిచి మూసే ఖర్చు తప్పడమే ఇందుకు ప్రధాన కారణం.

బయట పెడితే సమస్యే లేదా?

ఉంది. ఫైలు ఫోల్డర్‌లోనో, క్లౌడ్ స్టోరేజ్‌లోనో ఉండి, టేబుల్‌లో దాని దారి మాత్రమే ఉందనుకోండి. రెండింటినీ ఒకే ట్రాన్సాక్షన్ కాపాడదు. వరుస సేవ్ అయ్యాక ఫైలు అప్‌లోడ్ విఫలమైతే, యూజర్‌కు బొమ్మ కనపడదు. అందుకే క్రమం ముఖ్యం. చేర్చేటప్పుడు ముందు ఫైలు, తర్వాత వరుస. తీసేసేటప్పుడు ముందు వరుస, తర్వాత ఫైలు. మధ్యలో కరెంటు పోయినా మిగిలేది ఎవరికీ చెందని ఫైలే. దాన్ని రాత్రిపూట నడిచే క్లీనప్ జాబ్ ఏరేస్తుంది.

ఫైలు, వరుస కచ్చితంగా కలిసే ఉండాల్సిన చోట, ఉదాహరణకు సంతకం చేసిన చిన్న పత్రాల విషయంలో, డేటాబేస్‌లోనే ఉంచడం సబబు.

లోపలే ఉంచాలంటే...

* ఫొటోలకు వేరే టేబుల్ పెట్టి, విద్యార్థి ఐడీతో కలపండి. పొరపాటున సెలెక్ట్ స్టార్ వాడినా ప్రధాన టేబుల్ వేగం తగ్గదు.
* బేస్64 టెక్స్ట్‌గా మార్చి దాచొద్దు. 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. ఆ లెక్కన 10 జీబీ కాస్తా 13 జీబీ దాటుతుంది.
* జేపీఈజీ ముందే కుదించి ఉంటుంది. మళ్లీ కుదించే ప్రయత్నం దండగ. పోస్ట్‌గ్రెస్‌లో ఆ కాలమ్ స్టోరేజ్‌ను ‘ఎక్స్‌టర్నల్’గా మార్చితే ఆ శ్రమ తప్పుతుంది.
* ఫైలు సైజు, రకం, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ వేరే కాలమ్స్‌లో ఉంచండి. హ్యాష్ 32 బైట్లే. దానికి ఇండెక్స్ వేస్తే, అదే ఫైలు మళ్లీ వచ్చిందో లేదో ఇట్టే తెలుస్తుంది.
* పెద్ద ఫైలును మొత్తంగా మెమరీలోకి లాగొద్దు, ముక్కలుగా చదవండి. పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకు లార్జ్ ఆబ్జెక్ట్స్ అనే ప్రత్యేక సదుపాయం ఉంది.

ఈ వారమే చేసి చూడండి

మీ ప్రాజెక్టులో వెయ్యి ఫొటోలను ఒకసారి టేబుల్‌లో, ఒకసారి ఫోల్డర్‌లో పెట్టి చదివే సమయాన్ని కొలవండి. ఒక జాగ్రత్త! ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఫలితాలను మన ప్రోగ్రామ్‌కు పంపదు కాబట్టి, అది చూపే సమయంలో ఫొటో బరువు తెలియదు. మీ కోడ్‌లోనే టైమర్ పెట్టండి. బ్యాకప్ సైజు కూడా రెండు పద్ధతుల్లో రాసుకోండి.

‘మా ఫొటోలు ఇంత సైజు, ఇలా మారుతుంటాయి, రెండు పద్ధతుల్లో ఇంత సమయం పట్టింది, అందుకే ఇది ఎంచుకున్నాం’ అని మీ సొంత అంకెలతో చెప్పండి. ఇంటర్వ్యూయర్ తర్వాతి ప్రశ్న ఏదైనా సరే, మీరు చేసి చూసిన పని గురించే కాబట్టి తడబడాల్సిన అవసరం రాదు.