పిన్ను లాగే ముందు ఒక్క నిమిషం!

ట్రాక్టర్‌కు ట్రక్కు తగిలించడం, విడదీయడం రోజూ చేసే పనే. అందుకే నిర్లక్ష్యం. ఆ కాసేపట్లోనే వేళ్లు, కాళ్లు, ఒక్కోసారి ప్రాణాలూ పోతున్నాయి.

‘‘బండి ఆపే ఉంది బాబూ... పిన్ను లాగాడంతే!’’

బొర్రా దగ్గరి ఓ ఊరి నుంచి కొడుకును తీసుకొచ్చిన తండ్రి అన్న మాట ఇది. కుర్రాడికి ఇరవై రెండేళ్లు. ఇటుకల లోడుతో ఉన్న ట్రక్కును వాలు రోడ్డు మీద విడదీశాడు. చక్రాల కింద రాయి పెట్టలేదు. పిన్ను ఊడగానే ట్రక్కు ముందుకు జారింది. ట్రాక్టర్ చక్రానికీ ట్రక్కుకూ మధ్య తొడ ఇరుక్కుపోయింది. ఊరివాళ్లు ఇటుకలు దించి బయటకు లాగేసరికి గంటన్నర పట్టింది. ఎముక విరగలేదు, రక్తం కారలేదు. గండం గడిచిందనుకుని ఇంటికి తీసుకెళ్లారు. మర్నాడు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. మా దగ్గరికి వచ్చేసరికి కిడ్నీలు పనిచేయడం తగ్గిపోయింది. వెంటనే డయాలసిస్ కోసం విశాఖ పంపాం.

పైకి కనిపించని దెబ్బ

కండరం చాలాసేపు నలిగితే అందులోని పొటాషియం, మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వచ్చేస్తాయి. మయోగ్లోబిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. దీన్నే క్రష్ సిండ్రోమ్ అంటాం. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌పై బాంబులు పడినప్పుడు శిథిలాల కింద చిక్కుకున్నవారిలో బైవాటర్స్, బీల్ అనే వైద్యులు దీన్ని గుర్తించి 1941లో వివరించారు. సమయానికి సెలైన్ ఎక్కిస్తే చాలామందిలో కిడ్నీలను కాపాడవచ్చు. అందుకే కాలో చెయ్యో చాలాసేపు నలిగితే, పైకి ఏమీ లేకపోయినా ఆసుపత్రికి రావాల్సిందే.

తగిలించేటప్పుడు

ప్రమాదాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఒకటే. డ్రైవర్ వెనక్కి నడుపుతుంటాడు, సహాయకుడు మధ్యలో నిలబడి ‘రా... రా...’ అంటూ ట్రక్కు ముక్కును చేత్తో సర్దుతుంటాడు. క్లచ్ మీద కాలు జారితే చాలు, ఛాతీ నలిగిపోతుంది.

- ట్రాక్టర్ కదులుతున్నంతసేపూ మధ్యలో ఎవరూ ఉండకూడదు. సహాయకుడు పక్కగా, డ్రైవర్‌కు కనిపించేచోట నిలబడాలి.
- బండి ఆపి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపాకే లోపలికి వెళ్లాలి.
- రంధ్రాలు కలిశాయో లేదో వేలు పెట్టి చూడొద్దు. ఇనుప కడ్డీతో చూడండి. ఉంగరం ముందే తీసేయండి. అది చిక్కుకుంటే వేలి చర్మం మొత్తం ఊడిపోతుంది.
- పిన్ను బదులు ఇనుప చువ్వ, పాత బోల్టు వాడొద్దు. పిన్నుకు లాక్ క్లిప్పు, ట్రక్కుకు సేఫ్టీ గొలుసు ఉండాలి.

విడదీసేటప్పుడు

ముందు చదునైన చోటు చూసుకోండి. తర్వాత రెండు చక్రాలకూ ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. ఆపైన స్టాండు దించి గట్టినేల మీద ఆనిందో లేదో చూడండి. చివరగా పిన్ను. ఈ వరుస తప్పకూడదు. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులు ఉండవు, వాటిని ఆపేది ఆ దిమ్మెలే.

రెండు చక్రాల ట్రక్కు అయితే లోడు ఎటు ఉందో చూడాలి. బరువు వెనక ఉంటే పిన్ను తీయగానే ముక్కు ఎగిరి దవడకు తగులుతుంది. ముందుంటే పాదం మీద పడుతుంది. పిన్ను బిగుసుకుంటే సుత్తితో కొట్టొద్దు. దాని మీద బరువు ఉందని అర్థం. స్టాండు సరిచేయండి.

దెబ్బ తగిలితే...

- రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. పసుపు, కాఫీ పొడి, మట్టి వేయొద్దు.
- వేలు తెగిపోతే దాన్ని మంచినీటితో తేలిగ్గా కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, ఆ సంచిని ఐసు మీద ఉంచండి. వేలిని నేరుగా ఐసులో పెడితే పాడవుతుంది.
- ఛాతీ, పొట్ట నలిగితే నీళ్లు కూడా తాగించొద్దు. గాయం కనిపించకపోయినా లోపల రక్తస్రావం ఉండొచ్చు.
- ఎవరైనా బరువు కింద చిక్కుకుంటే వెంటనే తీయండి. గంట దాటితే 108 సిబ్బందికి ఆ సంగతి ముందే చెప్పండి. సెలైన్ మొదలుపెట్టి తీయడం మేలు. ఊపిరాడకపోతే మాత్రం ఆగొద్దు.
- గాయం చిన్నదైనా ధనుర్వాతం టీకా గురించి అడగండి.

ఘాట్ రోడ్డులో అంబులెన్స్ రావడానికి సమయం పడుతుంది. కాబట్టి 108కి ఫోన్ చేసేది మొదటే, చివర్లో కాదు.

ఇది మీ ఇంటి సంగతి కూడా

మాకు ట్రాక్టర్ లేదు కదా అనుకోవద్దు. ఇల్లు కడుతున్నప్పుడు ఇసుక ట్రక్కును గుమ్మం ముందే వదిలి వెళ్తుంటారు. దాని ముక్కు మీద పిల్లలు ఉయ్యాల ఊగుతుంటారు. డ్రైవర్‌ను అడిగి దిమ్మెలు పెట్టించండి. పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

మూడు వారాలకు కోలుకున్న ఆ కుర్రాడు మళ్లీ ట్రాక్టర్ ఎక్కాడు. మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు వాళ్ల నాన్న చెప్పాడు, ‘‘ఇప్పుడు సీటు పక్కన నాలుగు దిమ్మెలు లేందే బండి తీయడు బాబూ’’ అని. ఆ దిమ్మెలకు అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. డయాలసిస్‌కు ఆ కుటుంబం పడిన కష్టం మాత్రం నాకు తెలుసు.

- వ్యాసకర్త ప్రభుత్వాసుపత్రి వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ